పడవ కిట్టు తెరిచారు సరే, జిగురు సీసా ఎప్పుడు తెరవాలి?

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల మాస్టారిని, ఉండేది నరసన్నపేట. ఓడ మీద ఉద్యోగం చేసే మా అల్లుడు చెక్క పడవ కిట్టు తెచ్చిచ్చాడు. 18వ శతాబ్దపు ఇంగ్లీషు కట్టర్, ఒకటే తెరచాప కొయ్య, స్కేలు 1:50, హల్ (పడవ తొట్టి భాగం) పొడవు 42 సెంటీమీటర్లు. పెట్టెలో ప్లైవుడ్ షీట్లు, రెండు రకాల సన్న కర్ర బద్దలు, ఇత్తడి సామాను, దారాలు, రెండు పెద్ద డ్రాయింగులు, ఇటాలియన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉన్న ఒక చిన్న పుస్తకం ఉన్నాయి. వడ్రంగం పని ఎప్పుడూ చేయలేదు. ఏమేం కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ఫెవికాల్ సరిపోతుందా? సంక్రాంతికి మనవడు వచ్చేసరికి పూర్తి చేయాలని ఉంది.

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ చివరి మాటకే ముందు జవాబు. సంక్రాంతికి పడవ పూర్తి కాదు. ఒంటికొయ్య పడవైనా మొదటిసారి చేసేవారికి 150 గంటలకి తక్కువ పట్టదు, 200 దాటినా ఆశ్చర్యం లేదు. ఇప్పుడు శ్రావణం. రోజూ గంటసేపు కూర్చున్నా పుష్యమాసానికి మొదటి వరస బద్దలు వేసిన హల్ చేతికొస్తే అది మంచి వేగమే. మనవడికి తెరచాపలెత్తిన పడవ కాకుండా కట్టుబడిలో ఉన్న పడవని చూపిస్తానని ఇప్పుడే చెప్పేయండి. తొందరపడితే ముందు పాడయ్యేది హల్. అది వంకరపోయాక పైన తాళ్ళు ఎంత ముచ్చటగా కట్టినా చూసేవాళ్ళ కన్ను ఆ వంకర మీదే పడుతుంది.

అందుకని దసరా దాటేదాకా జిగురు సీసా మూత తీయకండి. ఆలోపు చేయాల్సిన పని చాలా ఉంది, పడవ తిన్నగా వస్తుందా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

మొదట సామాను లెక్క. పుస్తకంలో పార్టుల జాబితా ఉంటుంది. దాని ప్రకారం ప్రతిదీ లెక్కపెట్టండి, ఇత్తడి చీలలతో సహా. ఏదైనా తక్కువైతే కిట్టు తయారుచేసిన కంపెనీకి పార్టు నంబరు, పెట్టె మీది లేబుల్ ఫొటో పంపి అడగాలి. విదేశం నుంచి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ పని ఇవాళే చేయండి. ప్లైవుడ్ షీట్లలోంచి ముక్కలు మాత్రం ఇప్పుడే ఊడదీయవద్దు. లేజర్‌తో కోసిన ముక్కలు చిన్న చిన్న బందాలతో షీటుకి అంటుకుని ఉంటాయి. అవి షీటులో ఉండగానే ఒక్కో ముక్క మీద పెన్సిల్‌తో నంబరు వేయండి. పక్కపక్కనే వచ్చే అడ్డపలకలకి (పడవకి అడ్డంగా పక్కటెముకల్లా నిలిచే ముక్కలు) ఒకటి రెండు మిల్లీమీటర్లే తేడా ఉంటుంది, ఊడదీసి కుప్ప పోశాక ఏది ఏదో చెప్పడం కష్టం. తర్వాత తీసేటప్పుడు కూడా మెలితిప్పి లాగకండి, బందాన్ని రెండు వైపుల నుంచీ బ్లేడుతో కోయండి. లాగితే ప్లైవుడ్ పైపొర పెచ్చులా లేచి వచ్చేస్తుంది.

డ్రాయింగులు అసలువి దాచేసి, నకళ్ళ మీద పని చేయండి. మామూలు జిరాక్స్ చాలదు. శ్రీకాకుళంలో ఇళ్ళ ప్లాన్లు ప్రింటు తీసే షాపులో పెద్ద సైజులో, సరిగ్గా వంద శాతం కొలతకి తీయించండి. ఇంటికొచ్చాక కాదు, అక్కడే స్కేలు పెట్టి చూడండి. అసలులో 200 మిల్లీమీటర్ల గీత నకలులో 198 ఉంటే ఆ కాగితం పనికిరాదు. పుస్తకంలోని ఇటాలియన్ భాగాన్ని ఫోన్ కెమెరాతో అనువాదం చేయించుకుని ఇంగ్లీషు పక్కన పెట్టి చదవండి. ఇలాంటి పుస్తకాల్లో ఇంగ్లీషు భాగం తరచుగా కుదించి ఉంటుంది. మాటకీ బొమ్మకీ పొంతన లేనిచోట డ్రాయింగునే నమ్మండి. 1:50లో ఆరడుగుల లోపు మనిషి దాదాపు 34 మిల్లీమీటర్ల ఎత్తుంటాడు. అట్టముక్కతో అంత బొమ్మ కత్తిరించి దగ్గర పెట్టుకుంటే, తలుపైనా నిచ్చెనైనా సరైన చోట ఉందో లేదో అప్పటికప్పుడు తెలిసిపోతుంది.

ఇప్పుడు మీకు నచ్చే పని, హల్‌ని కప్పే బద్దల లెక్క. మీ కిట్టులో రెండు వరసలుంటాయి. లోపలి వరసకి 5 మిల్లీమీటర్ల వెడల్పు, ఒకటిన్నర మందం ఉన్న లేత రంగు మెత్తటి కర్ర. పైవరసకి అర మిల్లీమీటరు మందం ఉన్న వాల్‌నట్ లాంటి ముదురు రంగు కర్ర. మీవి వెర్నియర్‌తో కొలిచి ఇదే లెక్క మీ అంకెలతో వేసుకోండి. మధ్యలోని అడ్డపలక అంచు వెంబడి, డెక్కు దగ్గర నుంచి కీల్ (అడుగున వెన్నెముకలా ఉండే పలక) దాకా, సన్న కాగితం ముక్క అతికించి పొడవు చూడండి. 90 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. 5తో భాగిస్తే ఒక వైపుకి 18, రెండు వైపులకీ 36 బద్దలు. విరిగేవాటికీ పాడయ్యేవాటికీ మరో ఐదు. 41 కావాలి. పెట్టెలో 38 ఉంటే మిగతావి ఇప్పుడే తెప్పించుకోండి, చివరి మూడు బద్దల కోసం రెండు నెలలు ఆగాల్సి రాకూడదు.

అదే కాగితం అణియం వైపు, అంటే పడవ ముందు భాగంలో, మొదటి అడ్డపలక మీద పెట్టండి. అక్కడ 60 వచ్చిందనుకోండి. అదే 18 బద్దలు అక్కడ 60లో పట్టాలి, అంటే ఒక్కోటీ 3.3 మిల్లీమీటర్లకి సన్నబడాలి. ఇలా సన్నం చేయకుండా వేసుకుంటూ పోతే మూతి దగ్గర బద్దలు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి, లేదా పైకి లేచిపోతాయి. మొదటిసారి చేసేవాళ్ళ పడవలు ఎక్కువగా చెడేది ఇక్కడే. అసలు వెడల్పులో సగానికంటే సన్నం చేయకూడదు. మీ బద్దకి 2.5 హద్దు. అంతకన్నా సన్నబడాలని లెక్క వస్తే ఒక బద్దని మధ్యలోనే ఆపి, పక్క బద్దని వెడల్పుగా ఉంచాలి. అమరం వైపు, అంటే చుక్కాని ఉండే వెనక భాగంలో, ఇది తిరగబడుతుంది. అక్కడ 99 వస్తే ఒక్కో బద్ద వాటా 5.5, కానీ మీ బద్ద వెడల్పు 5 మాత్రమే. ఆ మిగిలే ఖాళీలో మేకులా సన్నబడే ముక్కలు దూర్చాలి. ప్రతి అడ్డపలకకీ ఈ లెక్క ఒక పట్టిక వేసి గోడకి అంటించండి. ఇది ముందే చేసినవాళ్ళకీ చేయనివాళ్ళకీ ఉన్న తేడా పడవలో తెలిసిపోతుంది.

మన తీరంలో పెద్దవల వేయడానికి వాడుతూ వచ్చిన కుట్టు పడవలకి లోపల అస్థిపంజరం ఉండదు. పలకలని కొబ్బరితాడుతో కుట్టేసేవారు, అలల దెబ్బకి పడవ కొద్దిగా వంగి తట్టుకునేది. మీ కిట్టు దానికి పూర్తిగా వ్యతిరేకం. నిలువునా ఒక కీల్ పలక, దాని గాడుల్లో అడ్డపలకలు, వాటి మీద బద్దలు. కాబట్టి ఆకారమంతా ఆ కీల్ పలక తిన్నగా ఉండడం మీద ఆధారపడింది.

అద్దాల షాపులో 50 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు గల మందపాటి అద్దం ముక్క కోయించి, అంచులు నున్నగా రుద్దించి తెచ్చుకోండి. కీల్ పలకని దాని మీద పడుకోబెట్టి, పక్క నుంచి టార్చి వేయండి. వెలుతురు దూరే సందు ఒక మిల్లీమీటరు దాటితే పలక వంగినట్టే. పల్లంగా ఉన్న వైపు తడిబట్టతో తుడవండి. తడిసిన వైపు ఉబ్బి సాగుతుంది, వంపు పోతుంది. తర్వాత అద్దం మీద పెట్టి, పైన పాత నిఘంటువుల్లాంటి బరువులు పెట్టి రెండు రోజులు వదిలేయండి. ఎండలో మాత్రం పెట్టకండి, ఒక వైపే ఆరి మళ్ళీ వంగుతుంది.

పలక సాపుగా ఉందని నమ్మకం కుదిరాక, చాలా పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేసే పనొకటుంది. అమరం దగ్గర కీల్ పలకని పల్చగా చెక్కడం. ఎందుకో చూడండి. కీల్ పలక మందం 5 మిల్లీమీటర్లు. దానికి రెండు వైపులా ఒకటిన్నర బద్ద, పైన అర మిల్లీమీటరు బద్ద, అంటే వైపుకి 2. మొత్తం 9. కానీ ఆ వెనక నిలబెట్టే చుక్కాని స్తంభం మందం 5 మిల్లీమీటర్లే. చెక్కకపోతే బద్దలు స్తంభానికి రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్లు పొడుచుకొస్తాయి, పడవ తోక వాచినట్టు కనిపిస్తుంది. కాబట్టి అక్కడ పలక మందం 5లోంచి 4 పోగా 1 మిల్లీమీటరుకి రావాలి. అంత పల్చగా చేస్తే విరిగే భయం ఉంది. అందుకని 2 దాకా చెక్కి ఆపండి, మిగతాది మొదటి వరస బద్దల లోపలి ముఖాన్ని అక్కడ అరగదీసి సర్దుకోవచ్చు. డ్రాయింగులో అడ్డపలకల కింది భాగాల దగ్గర నుంచి వెనక్కి పైకి వెళ్ళే వంపు గీత కనిపిస్తుంది. దాన్ని కార్బన్ కాగితంతో పలకకి రెండు వైపులా దింపుకోండి. గీత నుంచి వెనక అంచు వైపు క్రమంగా వాలు వచ్చేలా, ముందు వెడల్పు ఉలితో, తర్వాత 120 నంబరు శాండ్‌పేపరుతో. ప్లైవుడ్ పొరలు వంపు గీతలుగా బయటపడతాయి. రెండు వైపులా ఆ గీతలు ఒకేలా ఉన్నాయంటే వాలు సమంగా ఉన్నట్టు. అడ్డపలకలు అతికించాక ఇక్కడ చెయ్యి పట్టదు, అందుకే ఇప్పుడే చేయాలి.

తర్వాత జిగురు లేకుండా కూర్పు. అడ్డపలకలన్నీ గాడుల్లో పెట్టి చూడండి. వేళ్ళ ఒత్తిడితో దిగాలి, సుత్తి అవసరం రాకూడదు. బిగుతుగా ఉంటే గాడిని ఆకురాయితో ఒకటి రెండు సార్లు రుద్ది మళ్ళీ చూడండి. బలవంతంగా దింపితే కీల్ పలక పక్కకి వంగుతుంది, మీరు రెండు రోజులు బరువుల కింద పెట్టింది వృథా అవుతుంది. వదులుగా ఉంటే సన్న చెక్కపొర దూర్చి సరిచేయండి. మూలమట్టం పెట్టి ప్రతి పలకా కీల్‌కి లంబంగా ఉందో, ఎదురుగా చూస్తే దాని రెండు పై కొసలూ ఒకే ఎత్తులో ఉన్నాయో చూడండి. బద్దలు అంటుకోవాల్సిన అంచుల మీద లేజర్ కాల్చిన నల్లటి మసిని 180 పేపరుతో తీసేయండి, మసి మీద జిగురు సరిగా పట్టదు. గాడుల లోపల మాత్రం ముట్టుకోకండి.

అణియం వైపు రెండు మూడు పలకలకి ముందు అంచూ, అమరం వైపు వాటికి వెనక అంచూ ఏటవాలుగా అరగాలి. లేకపోతే బద్ద అంచు మూల మీద మాత్రమే ఆనుతుంది. ఇప్పుడే సగానికి పైగా అరగదీసి, తీయాల్సిన హద్దుకి అర మిల్లీమీటరు ముందే ఆగండి. మిగతాది అన్నీ అతికించాక, ఒక బద్దని మూడు నాలుగు పలకల మీదుగా వంచి, ఎక్కడ ఎత్తుగా ఉందో చూస్తూ తీయాలి. అణియంలో మొదటి పలకకీ కీల్‌కీ మధ్య ఖాళీలో మెత్తటి కర్ర దిమ్మ పెడితే బద్దల కొసలకి ఆనుడు దొరుకుతుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర దీనికి బాగుంటుంది, మెత్తగా తెగుతుంది, పీచు లేవదు.

ఇవన్నీ నిలబెట్టి పట్టుకోడానికి ఒక పీట కావాలి. 60 × 20 సెంటీమీటర్ల 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద మధ్యగీత గీసి, అల్యూమినియం కిటికీలు చేసే షాపులో దొరికే ఎల్ యాంగిల్ ముక్కలు రెండు, ముప్పయ్యేసి సెంటీమీటర్లవి, గీతకి రెండు పక్కలా మరలతో బిగించండి. వాటి మధ్య కీల్ పలక నిలబడాలి. ఒకదాని బెజ్జాలు కోలగా ఉంటే సందు సర్దుకోవచ్చు.

పనిముట్లకి పెద్ద ఖర్చు అక్కర్లేదు, మాడల్ షాపులు వెతకనూ అక్కర్లేదు. బంగారం పనివాళ్ళ సామాను అమ్మే కొట్లో సన్న ఆకురాళ్ళ సెట్టు, చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు, అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర దాకా బిట్లు, సన్న మొన పట్టకారు దొరుకుతాయి. సర్జికల్ షాపులో 3 నంబరు హ్యాండిల్, 11 నంబరు బ్లేడ్లు, జిగురు వేయడానికి 2 మిల్లీలీటర్ల సిరంజీలు కొనండి. ఆ బ్లేడు బద్దలకే. ప్లైవుడ్ మీద పక్కకి ఒత్తితే టక్కున విరిగి ఎగురుతుంది. ప్లైవుడ్‌కి మామూలు కట్టర్ కత్తి వాడండి, కళ్ళజోడు తీయకండి. స్టీలు స్కేలు, స్టేషనరీ షాపు బైండర్ క్లిప్పులు రెండు డజన్లు, చెక్క బట్టల క్లిప్పులు, 120, 180, 240, 400 శాండ్‌పేపర్లు. శాండ్‌పేపరుని చేత్తో పట్టుకోకుండా సాపైన చెక్క దిమ్మకి అతికించి వాడండి, వేళ్ళతో రుద్దితే పల్లాలు పడతాయి. పొడి లేచే పనికి మాస్కు తప్పనిసరి.

జిగురు సంగతి. చెక్కకి చెక్క అతికించడానికి ఫెవికాల్ ఎస్‌హెచ్ చక్కగా సరిపోతుంది. ఇది చూసుకోడానికి చేసే పడవ, నీళ్ళలో వదిలేది కాదు. మనవడు చెరువులో వేద్దామంటే ఒప్పుకోకండి, అడుగున బరువు లేదు, వెంటనే ఒరిగిపోతుంది. ఫెవిక్విక్ చెక్క మీద వాడడానికి తొందరపడొద్దు. అది పెళుసు, సరిచేసుకోడానికి సమయం ఇవ్వదు, గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు చుట్టూ తెల్లటి పొగలా మరక వేస్తుంది. ఇత్తడి సామానుకి రెండు ట్యూబుల ఆరల్‌డైట్ వాడండి. ఏ జిగురైనా పైవరస కర్ర మీద పడితే వెంటనే తడిబట్టతో తుడవాలి. ఆరిపోయిన చోట వార్నిషు పట్టక పాలిపోయిన మచ్చ మిగులుతుంది, అది వార్నిషు వేశాకే బయటపడుతుంది.

వానాకాలంలో హల్ మీద బద్దలు వేయకండి, కారణం ఇదీ. కర్ర తేమకి పొడవునా దాదాపు పెరగదు, వెడల్పునే ఉబ్బుతుంది. మీరు భాద్రపదంలో ఉబ్బిన బద్దలు అతికిస్తే మాఘంలో పొడిగాలికి కుంచించుకుంటాయి. ఒక శాతం తగ్గినా 90 మిల్లీమీటర్ల మీద దాదాపు ఒక మిల్లీమీటరు. అది 18 అతుకుల్లోనూ వెంట్రుకంత పగుళ్ళుగా కనిపిస్తుంది. ఇప్పుడు లెక్కలూ కూర్పూ చేసుకుని, దసరా దాటాక అస్థిపంజరం అతికించి, బద్దలు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు వేయండి. అప్పటిదాకా బద్దలని మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో, నేల మీద కాకుండా అలమారలో పడుకోబెట్టండి. గోడకి ఆనించి నిలబెడితే వంగిపోతాయి, నేల మీద పెడితే చెదలు. అక్టోబరు నెల తుపానుల నెల కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లా ఎలా ఉందో మీకు చెప్పక్కర్లేదు. హెచ్చరిక వచ్చినరోజు కొత్త అతుకులు పెట్టుకోకండి.

బద్దలు వంచడం ముందే సాధన చేయాలి. రెండంగుళాల పీవీసీ పైపు 70 సెంటీమీటర్లు కోసి, ఒక చివర మూత వేస్తే నానబెట్టే గొట్టం తయారు. వేడినీళ్ళు పోయండి, మరిగేవి కాదు, పైపు మెత్తబడుతుంది. ఒకటిన్నర మందం బద్ద ఇరవై నిమిషాలు నానితే చాలు. తర్వాత చెక్క మీద చీలలు వంపుగా కొట్టి, వాటి మధ్య బిగించి ఒక రోజు ఆరనివ్వండి. తడిగా అతికిస్తే ఆరాక సందులు వస్తాయి. బద్ద మందం వైపే వంగుతుంది, వెడల్పు వైపు వంచబోతే మెలిక తిరుగుతుంది లేదా విరుగుతుంది. ఆ వంపు కావాల్సినచోట ముందు చెప్పిన పట్టిక ప్రకారం కోసి తేవాలి. ప్లైవుడ్ షాపుల్లో అమ్మే సన్న టేకు బీడింగుతో ఈ సాధన చేయవచ్చు. టేకు మీ కిట్టు కర్రకంటే మొండిది, దాన్ని వంచగలిగితే ఇది సులువు.

మిగతావి తర్వాతి పనులు. దారాలకి తేనెమైనం పట్టించాలి, నూగు అణుగుతుంది. నూలుదారం తేమకి బిగిసి, పొడికి వదులవుతుంది కాబట్టి మన వాతావరణానికి పాలియెస్టర్ దారం మేలు. కిట్టులో ఇచ్చే తెరచాప గుడ్డ సాధారణంగా ఈ స్కేలుకి ముతక. తెరచాపలు పెట్టాలనుకుంటే పొందూరు సన్నఖాదీ ముక్క సంపాదించండి, ఉతికి గంజి పోగొట్టి, పల్చటి టీ డికాక్షనులో ముంచి ఆరేస్తే సరైన రంగొస్తుంది. పూర్తయిన పడవని నిలబెట్టే పీటకి బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేవారిని పనసకర్ర ముక్క కోసం అడిగి చూడండి. పసుపు రంగులో మొదలై ఏళ్ళు గడిచేకొద్దీ ముదురుతుంది, వాల్‌నట్ రంగు పక్కన నిండుగా ఉంటుంది.

ఇక దసరా తర్వాత మొదటి జిగురు బొట్టు మధ్యలోని అడ్డపలకకి వేయండి. మూలమట్టం ఆనించి, క్లిప్పు పెట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, మర్నాడు దాని పక్కది, ఆ మర్నాడు రెండో పక్కది. రోజుకి ఒకటి, మధ్య నుంచి రెండు చివరలకీ. ఒకేసారి అన్నీ పెడితే తడి జిగురుకి కీల్ పలక ఏ వైపు లాగిందో తెలిసేసరికి అన్నీ గట్టిపడి ఉంటాయి. ప్రతి ఉదయం పీట మీంచి తీసి అద్దం మీద పడుకోబెట్టలేరు కాబట్టి, అణియం నుంచి అమరం దాకా పైన దారం లాగి కట్టి, కీల్ పలక మధ్యగీత దాని కిందే ఉందో లేదో చూసుకున్నాకే తర్వాతి పలకకి జిగురు తీయండి.